కట్టంగూరు దాటాక: విజయవాడ హైవే మీద మూడు సెకన్లు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున ఐదింటికి ఎల్బీనగర్ దాటాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఇంచుమించు తూర్పుకే సాగుతుంది. జనవరిలో ఏడయ్యేసరికి సూర్యుడు నేరుగా కళ్లలో కొడతాడు. ముందు అద్దం లోపలివైపు పట్టిన మసక ఆ వెలుగులో తెల్లటి తెరలా అయిపోతుంది, బయట ఎంత కడిగినా లాభం ఉండదు. చిట్యాలలో ఆగి లోపల పొడిబట్టతో తుడిచాకే కదిలాం.

నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి వైపు వెళ్లే బళ్లు విడిపోతాయి. అక్కణ్నుంచి రోడ్డు కాస్త ఖాళీగా కనిపించి అందరి స్పీడూ పెరుగుతుంది. కట్టంగూరు దాటాక ఎడమ లేన్‌లో ఇనప చువ్వల లోడు లారీ ఒకటి అరవైలో పోతోంది. కుడి లేన్‌లోకి వచ్చి దాన్ని దాటాను. దాటగానే ఎడమకి వచ్చేయకూడదు. లోపలి అద్దంలో లారీ హెడ్‌లైట్లు రెండూ కనిపించాకే ఇండికేటర్ వేసి రావాలి. అలాగే వచ్చి ఎనభై ఐదులో పోతున్నాను. వెనక నుంచి ఒక తెల్ల కారు డిప్పర్ కొట్టుకుంటూ కుడి లేన్‌లో దూసుకొచ్చింది. నన్ను దాటీ దాటగానే, ఎడమ పక్కనున్న హోటల్లోకి తిరగడానికి ఇండికేటరైనా లేకుండా నా ముందుకి కట్ కొట్టి బ్రేకు తొక్కింది.

ఎనభై ఐదు స్పీడంటే సెకనుకి దాదాపు 24 మీటర్లు. కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే ఒక సెకను పోతుంది. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, బ్రేకు మొత్తం తొక్కితే ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. సగం బలంతో తొక్కితే అదే 80 అవుతుంది. భయపడినప్పుడు చాలామంది చేసేది ఆ సగం తొక్కుడే. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తున్నప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, గరగర శబ్దం వస్తుంది. అది చూసి ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. తీయకూడదు, ఇంకా గట్టిగా నొక్కాలి. పంపు కొట్టినట్టు తొక్కి వదలడం ఏబీఎస్ లేని పాత బళ్ల పద్ధతి. సీటు మరీ వెనక్కి జరిపి కూర్చుంటే పెడల్ అడుగుదాకా పోదు. బ్రేకు పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేంత దగ్గరగా సీటు పెట్టుకోవాలి.

ఇక స్టీరింగ్. అడ్డొచ్చిన కారు ఎడమకి పోతోంది కదా అని, దాన్ని తప్పించబోయి మనమూ ఎడమకే తిప్పితే నేరుగా దాని డోర్‌కే వెళ్లి తగులుతాం. అది వదిలి వెళ్తున్న చోటు చూడాలి, అంటే దాని వెనక బంపర్‌కి కుడివైపు. చూపు ఎటు ఉంటే చేతులు అటే తిప్పుతాయి. బ్రేకు నొక్కి పట్టుకునే స్టీరింగ్ కుడికి కొద్దిగా తిప్పాను. కుడి అద్దంలో ఎవరూ లేరని ఆ కారు కట్ కొట్టే ముందే నేను చూసి ఉండటం వల్లే అది కుదిరింది. దాని బంపర్ మూల మా ఎడమ అద్దానికి జానెడు దూరంలో పోయింది.

అంతటితో అయిపోలేదు. మా స్పీడు ముప్ఫైకి పడింది, వెనక లోడు లారీ వస్తోంది. లారీకి ఉండేవి గాలి బ్రేకులు. పెడల్ తొక్కాక గాలి చక్రాల దాకా వెళ్లి పట్టడానికే కొంత ఆలస్యం, పైన అంత బరువు. అందుకే దారి దొరకగానే బ్రేకు వదిలి, గేరు రెండుకి దించి ముందుకి లాగించాను. ఆ లారీ డ్రైవర్ అప్పటికే వేగం తగ్గించి ఉన్నాడు. ఆయనకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అక్కడే రోడ్డు పక్కన ఆపబోతుంటే మా ఆవిడ, “ఇక్కడ వద్దండీ, బంకు దాకా పోనివ్వండి,” అంది. సరైన మాట. హైవే అంచున ఆగిన బండిని వెనకనుంచి గుద్దడం ఈ రోడ్డు మీద మామూలైపోయింది. హజార్డ్ లైట్లు వేసుకుని నలభైలో బంకులోకి వెళ్లాం. అక్కడ నాలుగు చక్రాల దగ్గరా అరచేయి, తాకకుండా, దగ్గరగా పెట్టి చూశాను. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే కాలిపర్, అంటే చక్రానికి బ్రేకు పట్టించే భాగం, వదలకుండా పట్టేసిందని అర్థం. ఇంజన్ ఆన్‌లో ఉండగా పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతోందా, స్పాంజిలా మెత్తగా ఉందా అని చూడాలి. అలా ఉంటే బండి కదపకూడదు. టైరు పక్కగోడల మీద ఉబ్బు ఉందేమో చేత్తో తడిమాను. డ్యాష్‌కామ్‌లో ఆ క్లిప్‌ని లాక్ చేశాను. చేయకపోతే కొద్ది గంటల్లో దాని మీదే కొత్త రికార్డింగ్ పడిపోతుంది. చట్టానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. ఫిర్యాదుకి నంబరు ప్లేటు కనిపించే ఆ క్లిప్పే ఆధారం. ఆ హోటల్‌కి వెనక్కి వెళ్లి గొడవ పెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు.

వెనక సీట్లో అమ్మకి బెల్టు ఉంది, భుజం మీద ఎర్రటి గీత తప్ప ఇంకేమీ కాలేదు. ఆమె పక్కన పెట్టిన అరిసెల స్టీలు డబ్బా మాత్రం ఎగిరి ముందు సీటు వీపుకి కొట్టుకుంది, మూత సొట్టపోయింది. నా సీటు కింద లీటరు నీళ్ల సీసా దొర్లుకుంటూ వచ్చి క్లచ్ పెడల్ పక్కన ఆగి ఉంది. ఇంకో జానెడు కుడికి దొర్లి ఉంటే బ్రేకు పెడల్ కిందికి వచ్చేది. అప్పుడు ఏబీఎస్ ఉండీ ప్రయోజనం లేదు. నాకు చేతులు వణికింది అది చూశాకే.

డబ్బా, సీసా, సంచులు అన్నీ డిక్కీలోకి చేరాయి. అరగంట అక్కడే కూర్చున్నాం. సూర్యాపేట దాకా స్టీరింగ్ మా ఆవిడ తీసుకుంది.