గుర్రప్పిల్లకు మొదటి 24 గంటలు

పిల్ల పడగానే బొడ్డుతాడు కోయడానికి తొందరపడకండి. తల్లి లేచినప్పుడో, పిల్ల కదిలినప్పుడో అదే తెగుతుంది. ముక్కు మీద పొర ఉంటే తీసేసి, ఊపిరి ఆడుతోందని చూసుకుని పక్కకు తప్పుకోండి. తెగిన బొడ్డును క్రిములను చంపే 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో రోజుకు మూడు నాలుగు సార్లు, రెండు మూడు రోజులపాటు ముంచాలి. ఘాటైన 7 శాతం అయోడిన్ మాత్రం వద్దు. చర్మం కాలి పుండుపడితే క్రిములకు మనమే దారిచ్చినట్టు.

గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. గడువు దాటితే పశువైద్యుణ్ణి పిలవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం ముర్రుపాలు. గుర్రప్పిల్ల దాదాపు యాంటీబాడీలు (రోగాలతో పోరాడే రక్షక పదార్థాలు) లేకుండానే పుడుతుంది. అవి ముర్రుపాలతోనే రావాలి. వాటిని పీల్చుకునే శక్తి పేగుకు గంటగంటకూ తగ్గి, 24 గంటలకల్లా పోతుంది. అందుకే మొదటి ఆరు గంటల్లోనే లీటరు నుంచి రెండు లీటర్లు లోపలికి పోవాలి. పొదుగు కింద తల పెట్టింది కదా అని నమ్మకండి. పిల్ల నుదుటి మీద పాలచారలుండి, తల్లి పొదుగు బిగిసి ఉందంటే తాగట్లేదన్నమాట. బలహీనంగా పడుకున్నదానికి సీసాతో బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వైద్యుడు ట్యూబుతో పట్టించాలి. 18 నుంచి 24 గంటల మధ్య రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించండి. ఐజీజీ (రక్తంలోని ప్రధాన యాంటీబాడీ) డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే మంచిది. 400 కన్నా తక్కువుంటే సాధారణంగా ప్లాస్మా (యాంటీబాడీలున్న రక్తద్రవం) ఎక్కిస్తారు.

నల్లటి తొలి పేడ రాక, తోకెత్తి పదేపదే ముక్కుతుంటే ఎనీమా కావాలి. మగపిల్లల్లో ఈ ఇబ్బంది ఎక్కువ.