వెనక్కి తిప్పి చూపించవే

శ్రావణ ఆదివారం. తెల్లవారుజాము నుంచీ ముసురు పట్టి ఉంది. నిన్న సాయంత్రం వచ్చిన మూడు పార్సిళ్లను రాత్రి విప్పలేదు. పాత వస్తువును మొదటిసారి పగటి వెలుగులోనే చూడాలని నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. కాఫీ తాగి, వరండాలో చాప పరుచుకుని, కత్తెర, మెత్తని నూలుగుడ్డ, వంటింటి తూకం, నోటు పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఎవరో వాడి, ఇంట్లో చోటు లేకనో అక్కర తీరిపోయో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన వస్తువులను నేను కొంటాను. అందులోనూ చెట్టుచేమల రూపం తీసుకున్నవి మాత్రమే కొంటాను. మామిడిపిందెల హారం, చేమంతిపువ్వు, మొగలిరేకు, రావిరేక అంటూ మన నగలు ఎన్నో పెరటిలోంచే పేర్లు తెచ్చుకున్నాయి. అయితే అమ్మకపు ప్రకటనల్లో ఆ పేర్లేవీ కనిపించవు. తామర అయినా చేమంతి అయినా ‘పాతకాలపు ఫ్లవర్ డిజైన్’ అని ఒకే మాట రాసి ఊరుకుంటారు. అందుచేత, నాకు కావలసిన వస్తువును అమ్మేవారు ఏ పేరుతో పిలిచి ఉంటారో ఊహించి, ఆ పేరుతోనే వెతకవలసి వస్తుంది. అది చేతికి వచ్చాక దాని సొంత పేరును కనుక్కుని పుస్తకంలో రాసుకోవడం నాకు కొనడం కంటే ఎక్కువ ఇష్టమైన పని.

మొదటి పార్సిల్‌లో ‘వెండి ఆకు పెండెంట్’ ఉంది. తూకం వేస్తే 14 గ్రాములు. రెండు వేళ్ల వెడల్పు, చూపుడువేలంత పొడవు. మధ్యలో నిలువునా ఒక మడత, అంచుల వెంట గోటితో తడిమితే తప్ప తెలియనంత సన్నని రంపపు పళ్లు ఉన్నాయి. ఇది ఏ ఆకో నాకు తట్టలేదు. పెద్దాపురంలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేశాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని, “ముందువైపు కాదే, వెనక్కి తిప్పి చూపించవే” అంది. తిప్పాను. వెనుక పైన రెండు, కింద రెండు చిన్న కొక్కేలు ఉన్నాయి.

“అది మెడలోకి కాదే అమ్మాయ్, జడలోకి! మొగలిరేకు. ఆ కొక్కేల్లోంచి దారం పోనిచ్చి జడకి కుట్టేవారు. మా అమ్మమ్మ దగ్గర బంగారంది ఉండేది” అంది.

ఆ మాట వినగానే చేతిలోని వస్తువు మారిపోయినట్టే అనిపించింది. ఆ నిలువు మడత మొగలి ఆకు మధ్య ఉండే మడతే, ఆ రంపపు పళ్లు దాని ముళ్లే. మొగలిలో సువాసనంతా మగచెట్టు పూతదే. మనం రేకులని పిలిచి జడలో తురుముకునేవి ఆ పూతను పొదివి పట్టుకుని ఉండే లేతపసుపు ఆకులు. అవి ఎండిపోయాక కూడా అమ్మ వాటిని పారేయకుండా పట్టుచీరల మడతల్లో పెట్టేది. చిన్నప్పుడు ట్రంకుపెట్టె తెరవగానే వచ్చే వాసన అదే. ఆ కంసాలి ఎవరో గాని, ముల్లును విడిచిపెట్టకుండా చెక్కాడు. అందం కోసం అంచును నున్నగా చేసి ఉంటే అది ఏ ఆకైనా అయిపోయేది.

అన్ని పార్సిళ్లూ ఇలా సంతోషపెట్టవు. ఆషాఢంలో తెప్పించుకున్న మామిడికాయ భరిణె విషయంలో మోసపోయాను. 120 ఏళ్ల నాటిదని రాస్తే నమ్మి 3,200 రూపాయలు కట్టాను. గుడ్డతో ఒక్కసారి గట్టిగా తుడవగానే పచ్చని చిలుము గుడ్డకు అంటుకుని, కింద నుంచి కొత్త ఇత్తడి బయటపడింది. డబ్బు తిరిగి రాలేదు. నిజంగా నూరేళ్లు దాటిన కళావస్తువైతే అది 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దానితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. అంత వయసు చెప్పినప్పుడే నేను ఆ సంగతి అడిగి ఉండవలసింది. నిజంగా పాతదైన భరిణె నా దగ్గర ఒకటి ఉన్నది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానికి ఒకే చీల మీద తిరిగే రెండు మూతలు ఉన్నాయి, ఒక అర పసుపుకు, ఒకటి కుంకుమకు. బొటనవేలు ఆని తిప్పే చోట మూత అంచు అరిగి పలచబడింది. చీల మొదట్లో, ఎంత తుడిచినా రాని సందులో, కుంకుమ నల్లబడి గట్టిపడి ఉంది. అడుగున చుక్కల అక్షరాలతో ‘వెం. సు.’ అని కొట్టించారు. సారెలో వచ్చిన సామాను మీద అలా పేరు కొట్టించుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. ఆ వెం. సు. ఎవరో తెలియదు గాని, ఆ భరిణెను చింతపండుతో తోమి తళతళలాడించడానికి నాకు చేతులు రావు. ఆమె వేలు అరగదీసిన చోటు అలాగే ఉండాలి.

రెండో పార్సిల్ ఒక బొమ్మ. విలియం రాక్స్‌బర్గ్ ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ గ్రంథంలోని తీగమోదుగ చిత్రానికి ఇది నకలు. మూడు సంపుటాలలో 300 చిత్రాలతో 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువడిన ఆ గ్రంథానికి పునాది పడింది మా పెద్దాపురం పక్కనే ఉన్న సామర్లకోటలో. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా వచ్చిన రాక్స్‌బర్గ్ అక్కడే తోట వేసి, మన చిత్రకారుల చేత మొక్కలను గీయించి, వాటి తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. గీసినవారి పేర్లు ఆ చిత్రాల కింద లేకపోవడం నన్ను ప్రతిసారీ బాధిస్తుంది. మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రీయ నామాలు జతచేస్తూ వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో అచ్చువేయించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ కోసం కూడా చాలాకాలంగా వెతుకుతున్నాను. దాని స్కాన్ కాపీ నా కంప్యూటర్‌లో ఉన్నా, కాగితం ప్రతి ఇంకా దొరకలేదు.

మూడోది ఇత్తడి గంధపుగిన్నె. దోసిలిలో ఇమిడిపోయేంత చిన్నది. ప్రకటనలో ‘లీఫ్ బార్డర్ బౌల్’ అని ఉంది. అంచు చుట్టూ ఒక తీగ, ఆ తీగకు మూడేసి ఆకులు ఉన్నాయి. అమ్మ ఇంకా ఫోనులోనే ఉంది కాబట్టి చూపించాను. “మూడాకులుంటే మారేడేగా, గంధపుగిన్నె మీద ఇంకేముంటుంది?” అంది. నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే పక్కనే విప్పి పెట్టిన రాక్స్‌బర్గ్ చిత్రంలోని మోదుగకూ మూడేసి ఆకులే ఉన్నాయి. మారేడు ఆకుకు కొస సన్నబడి మొన తేలి ఉంటుంది. మోదుగ ఆకు వెడల్పుగా, కొసన గుండ్రంగా ఉంటుంది, మధ్య ఆకు తక్కిన రెండింటి కంటే పెద్దది. భూతద్దం పెట్టి గిన్నె అంచును చుట్టూ తిప్పి చూశాను. కొన్నిచోట్ల ఆకుల కొసలు గుండ్రంగానే ఉన్నాయి, అయితే అవి చెక్కినప్పటి నుంచీ అలాగే ఉన్నాయో, గంధం తీసి తీసి వేళ్లకు అరిగిపోయాయో తేల్చుకోలేకపోయాను. పైగా మారేడు చెట్టే గాని తీగ కాదు. తీగమోదుగకైతే తీగ ఉన్నది, మరి పూజసామాను మీదికి అడవి తీగను ఎవరు ఎక్కిస్తారు?

ఈ మాటే అమ్మతో అంటే, “చెక్కేవాడికి అంచు చుట్టూ తిప్పడానికి తీగ కావాలిగా, మారేడుకే తీగ పెట్టుంటాడు” అంది. ఆ మాటలో న్యాయం ఉంది. నోటు పుస్తకంలో బరువు, ధర, వచ్చిన తేదీ రాసి, పేరు రాయవలసిన గడిని ఖాళీగా ఉంచాను. రేపు సోమవారం. వీధి చివరి శివాలయం ఆవరణలో మారేడు చెట్టు ఉంది. గిన్నెను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.