తెల్ల బొలెరోకి కామో ర్యాప్: ఇంట్లోనే వేసుకున్నాం

మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ చెంగల్పట్టు దగ్గరే ఉంది. అందుకే మా గూడువాంచేరి వైపు జీఎస్టీ రోడ్డు మీద ఒళ్లంతా నలుపు తెలుపు మచ్చలతో తిరిగే టెస్ట్ బళ్లు అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. కొత్త మోడల్ బాడీ గీతలు కంటికి చిక్కకుండా చేయడమే ఆ మచ్చల పని. 1917లో బ్రిటిష్ వాళ్లు ఓడలకు అడ్డదిడ్డంగా చారలు వేసింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. ఓడ ఎటు పోతోందో శత్రువుకి అంచనా దొరక్కూడదు. ఇలా ఆకారాన్ని దాచే మచ్చలనే కామో (కామఫ్లాజ్) అంటారు. నాకు ఈ విద్య మీద ఎప్పటినుంచో మోజు. మా తెల్ల బొలెరో పలకలన్నీ దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి సొంతంగా వేసుకోవడానికి ఇంతకంటే మంచి బండి ఉండదనిపించింది.

ర్యాప్ అంటే బండి పెయింటు మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించడం. ఆ ఫిల్మ్ కొనకముందే చట్టం సంగతి చూసుకున్నాను. ఆర్సీలో బండి రంగు రాసి ఉంటుంది. ఆ వివరం మారేలా బండిని మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఓ దగ్గర నమోదు చేయించాలి. 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 121వ రూల్ ప్రకారం రక్షణ శాఖ బళ్లకు తప్ప ఎవరికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. మిలిటరీ పచ్చ మాట అక్కడే వదిలేశాను. బండి మొత్తం కప్పకుండా తెలుపునే అడుగు రంగుగా ఉంచి, దాని మీద బూడిద, నలుపు మచ్చలు మాత్రం వేయాలనుకున్నాను. చూసినవాళ్లు తెల్ల బండి అనే అనాలి. లైట్లు, అద్దాలు, నంబర్ ప్లేటు జోలికి వెళ్లలేదు.

చెన్నైలోని జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కామో ప్రింటు రోల్స్ చవగ్గానే దొరుకుతాయి. కానీ రోలర్ల మధ్య నొక్కి తయారుచేసే చవక క్యాలెండర్డ్ ఫిల్మ్ వంపుల దగ్గర ముడుచుకుని, అంచులు లేచిపోతుంది. పైగా ప్రింటులో ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వచ్చి వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది. నేను 60 అంగుళాల వెడల్పున్న మెరుపు లేని (మ్యాట్) క్యాస్ట్ ఫిల్మ్, అంటే ద్రవాన్ని పల్చగా పోసి తయారుచేసేది, రెండు రంగుల్లో తీసుకున్నాను. దాని జిగురులో గాలి బయటికి పోయే సన్నని దారులుంటాయి. కాబట్టి సబ్బు నీళ్లు చల్లకుండా పొడిగానే అంటించాలి.

కడగడానికే ఎక్కువ సమయం పట్టింది. షాంపూ, పెయింటుకి అంటుకున్న మురికిని లాగేసే క్లే బార్ ముద్ద, చివర్లో జిడ్డు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరకలు మిగులుతాయి, అందుకని ఆఖరి తుడుపుకి క్యాన్ వాటర్ వాడాను. డోర్ హ్యాండిళ్లు, బీడింగ్ ఊడదీస్తే వాటి కింద పాత వ్యాక్స్, మట్టి పేరుకుని ఉంది. అది పోకపోతే అంచు నిలవదు. చక్రాల పైనుండే గరుకు ప్లాస్టిక్‌కి ఫిల్మ్ సరిగ్గా అంటదు కాబట్టి దాన్ని అలాగే వదిలేశాం.

నెల్లూరు నుంచి మా బామ్మర్ది సాయానికొచ్చాడు. వానలు వెళ్లిపోయి ఎండలు ఇంకా ముదరని జనవరి ఉదయాలు చూసుకున్నాం. చెన్నై వేసవిలో రేకు కాలిపోతుంటే ఫిల్మ్ సాగిపోతుంది, తాకిన చోటల్లా పట్టేసుకుంటుంది. దుమ్ము లేవకుండా స్టిల్ట్ పార్కింగ్ (బిల్డింగ్ కింద స్తంభాల మధ్య బళ్లు పెట్టే చోటు) నేల తడిపి పని మొదలుపెట్టాం.

మచ్చల అంచులు బ్లేడుతో కోస్తే పెయింటు మీద గీత పడుతుంది. అందుకు నైఫ్‌లెస్ టేప్ ఉంది. మచ్చ ఆకారంలో ముందు ఆ టేపుని పెయింటు మీద అంటించాలి. పైన ఫిల్మ్ పరిచి, మెత్తటి ఫెల్ట్ గుడ్డ అంచున్న స్క్వీజీ పలకతో మధ్యలోంచి బయటికి నొక్కాలి. తర్వాత టేపులో దాగున్న సన్నని దారం కొస పట్టుకుని లాగితే, వెళ్లిన దారి పొడుగునా ఫిల్మ్ తెగుతుంది. బయటి ముక్క తీసేసి, అంచు కింద మిగిలిన టేపు లాగేసి, మళ్లీ నొక్కాలి. దారం సర్రుమని జారుతుంటే పెయింటు మీద గీతే లేకుండా అంచు తేలుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

“బావా, ఈ మచ్చని తలుపు అంచు దగ్గర ఆపేద్దామా?” అని అడిగాడు మావాడు.

“ఆపకూడదురా. ఫెండర్ మీదికి పోనీ.”

కామో ప్రాణం అక్కడే ఉంది. మచ్చ పలకతోపాటే ఆగిపోతే తలుపు తలుపులాగే కనిపిస్తుంది. సందు దాటి వెళ్తేనే కన్ను మోసపోతుంది. అందుకే ఒకే ముక్కని ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు), తలుపు రెండింటి మీదా పరిచి, సందు మధ్యలో తెంపి, రెండు అంచులనీ కొంచెం లోపలికి మడిచాం. ఈ మడతల దగ్గర హీట్ గన్ తప్పనిసరి. సాగదీసిన ఫిల్మ్ ఎండ తగిలితే మళ్లీ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. దాన్ని 100 డిగ్రీల చుట్టుపక్కల వరకు వేడి చేస్తే ఆ గుణం పోతుంది. చేతి అంచనా పనికిరాదు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకునే చేయాలి. గన్ ఒకేచోట నిలిపితే ఫిల్మ్ మెరుపెక్కి పాడవుతుంది.

తలుపుల మీద పెద్ద మచ్చలు, హెడ్‌లైట్ల దగ్గర చిన్నవి పెట్టాం. కొన్ని వేయగానే రోడ్డు అవతలికెళ్లి చూసేవాళ్లం, ఎందుకంటే దగ్గరి నుంచి బాగున్నది దూరం నుంచి ఒకే ముద్దగా కనిపించవచ్చు. బానెట్ మీద బూడిద రంగు ఎక్కువైందని మావాడంటే ఒకటి పీకేశాం. వాడి కన్ను నాకంటే నయం.

వారం రోజులు నీళ్లు తగలనివ్వలేదు. ఇప్పుడు చేత్తోనే కడుగుతున్నాను. సర్వీస్ సెంటర్‌లో ప్రెజర్ వాషర్‌ని అంచులకు దగ్గరగా పెట్టొద్దని ముందే చెప్తాను. ఎడమ ఫెండర్‌కి ఒకప్పుడు బయట రీపెయింట్ చేయించాం, అలాంటి పెయింటు ఫిల్మ్‌తోపాటు ఊడొచ్చే ప్రమాదం ఉంది. తీసే రోజున ఆ పలకని మాత్రం వేడి చేసుకుంటూ, ఫిల్మ్‌ని బాగా వెనక్కి వంచి, మెల్లగా లాగాలి.