మిగిలిన ఆరు మహాయుగాలు

‘సహస్రయుగపర్యంతమహర్యద్బ్రహ్మణో విదుః’ అంటుంది గీత ఎనిమిదో అధ్యాయం. వెయ్యి మహాయుగాలు గడిస్తే బ్రహ్మకు ఒక పగలు. నాలుగు యుగాలు కలిసిన మహాయుగం 43,20,000 సంవత్సరాలు కాబట్టి ఆ పగలు 432 కోట్ల సంవత్సరాలు. ‘శ్వేతవరాహకల్పే’ అని పురోహితుడు సంకల్పం చెప్పించేటప్పుడు మనం తలుచుకునేది కల్పమనే ఆ కాలాన్నే. కాకపోతే అప్పుడు మన ధ్యాసంతా అక్షతలు చేతిలోంచి జారిపోకుండా చూసుకోవడం మీదే ఉంటుంది.

ఈ 432 కోట్లను విడగొడితే 2, 3, 5 తప్ప మరో ప్రధాన సంఖ్య రాదు. రెండు పదకొండుసార్లు, మూడు మూడుసార్లు, ఐదు ఏడుసార్లు వస్తాయి. అందుకే దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 384 ఉన్నాయి. పన్నెండు నెలలు, ముప్పై తిథులు, జపమాలలోని 108 పూసలు, దేనితో భాగించినా శేషం రాదు. మహాయుగంలోని కృతయుగం, 17,28,000 సంవత్సరాలు, సరిగ్గా 120కి ఘనం.

ఇంత సౌమ్యమైన సంఖ్యకు ఏడంటే మాత్రం పడదు. ఆ పగటిని వరసగా పాలించే మనువులేమో పద్నాలుగురు, అంటే ఏడుకు రెట్టింపు! వెయ్యి మహాయుగాలను వాళ్లకు పంచితే తలా 71 పోను ఆరు మిగులుతాయి. విష్ణుపురాణం ‘డెబ్బై ఒకటికి కొంచెం ఎక్కువ’ అని ఊరుకుంది. సూర్యసిద్ధాంతమనే ఖగోళ గ్రంథం ఆ కొంచెం లెక్క తేల్చింది. కల్పం మొదట ఒకటి, ప్రతి మన్వంతరం (ఒక మనువు పాలనాకాలం) చివర ఒకటి, మొత్తం పదిహేను సంధులు. ఒక్కొక్కటి కృతయుగమంత. పదిహేనింటినీ కూడితే 2,59,20,000 సంవత్సరాలు, అంటే సరిగ్గా ఆరు మహాయుగాలు.

ఆర్యభటుడు ఈ సంధుల జోలికే పోలేదు. మనువుకు 72 చొప్పున ఇచ్చి బ్రహ్మ పగలును 1008 మహాయుగాలు చేశాడు. అది స్మృతులకు విరుద్ధమని బ్రహ్మగుప్తుడు తప్పుపట్టాడు. నున్నగా తెగే లెక్క ఆర్యభటుడిదే, సందేహం లేదు. నా మనసు మాత్రం సంధుల వైపే మొగ్గుతుంది. పంపకంలో మిగిలిన కాలాన్ని ఏ మనువుకూ కట్టబెట్టకుండా, రెండు పాలనల నడుమ ఖాళీగా ఉంచారు. ఆ సంధిలో భూమి జలమయమవుతుందని కూడా చెప్పారు. రోజూ అర్ఘ్యం వదిలే సంధ్య కూడా అటు రాత్రికీ ఇటు పగటికీ పూర్తిగా చెందని వేళే కదా. గాయత్రికి ఆ వేళనే ఎంచుకున్నారు, ఎండ నడినెత్తికెక్కిన మధ్యాహ్నం ఒక్కటీ దీనికి మినహాయింపు.

ఈ కల్పంలో ఆరుగురు మనువులు, ఏడు సంధులు గడిచాయి. ఇది ఏడో మనువైన వైవస్వతుడి కాలంలో ఇరవై ఎనిమిదో మహాయుగం. కలియుగంలో ఒక పాదం 1,08,000 సంవత్సరాలు. అందులో గడిచింది అయిదు వేల పైచిలుకే. సంకల్పంలో ‘ప్రథమపాదే’ అన్న మాట మార్చుకోవలసిన అవసరం పురోహితులకు ఇంకో లక్ష సంవత్సరాల దాకా రాదు.