మడమలో మేకు

పొద్దున లేచి మంచం మీంచి కాలు కింద పెట్టగానే మడమలో మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది చూడండి, ఆ నొప్పితో నేను ఎనిమిది నెలలు వేగాను. గోడ పట్టుకుని కుంటుకుంటూ బాత్రూం దాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంటుంది, హమ్మయ్య అనుకుంటాం, ఓ అరగంట కూర్చుని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లొచ్చాక మొదలైంది. చెప్పుల్లేకుండా 3,550 మెట్లు. కానీ తప్పంతా మెట్ల మీదకి నెట్టేస్తే అన్యాయం. బళ్లో రోజంతా నిలబడి పాఠాలు, ఇంటికొస్తే వంటింట్లో గ్రానైట్ బండల మీద ఉత్త కాళ్లతో రెండు గంటలు, పైగా మూడేళ్లలో పెరిగిన తొమ్మిది కిలోలు. ఎప్పటినుంచో కూడుతూ ఉన్నది ఆ రోజు బయటపడింది, అంతే.

ఎక్స్‌రే తీసి "ఎముక పెరిగిందండీ" అన్నారు. ఇక ఆపరేషనే అనుకుని రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు. తర్వాత చూపించుకున్న ఇంకో డాక్టరుగారు ఎక్స్‌రే పక్కన పెట్టి, మడమ కింద, కాస్త లోపలి వైపుగా, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కారు. కెవ్వుమన్నాను. "జబ్బు ఇక్కడుందమ్మా, ఆ ఎముకలో కాదు. నొప్పి లేని ఎడమ మడమ ఎక్స్‌రేలో కూడా అదే ఎముక ఉంది చూడు" అన్నారు. నిజంగానే ఉంది!

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది, విల్లుకు నారిలాగా. ప్లాంటార్ ఫేసియా అంటారు. అది మడమకు అతుక్కున్న చోట రోజూ లాగి లాగి దెబ్బతింటుంది. రాత్రి పడుకుంటే పాదం వాలిపోయి పట్టీ బిగుసుకుంటుంది, పొద్దున్నే దాని మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. అందుకే ఆ మొదటి అడుగు అంత నరకం.

మా అత్తయ్య వైద్యం వేరు. ఇటుక వేడి చేసి, దాని మీద జిల్లేడాకు పరిచి, మడమ ఆనించమన్నారు. వారం రోజులు చేశాను, అబద్ధమెందుకు, హాయిగానే ఉంది, కాకపోతే రెండు గంటలే. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ ఇటుక జోలికే పోవద్దు, కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలీదు.

నాకు పనిచేసింది వినడానికి చాలా చప్పటి సంగతి. మంచం దిగకముందే కాలు అడ్డంగా ఒళ్లో పెట్టుకుని, వేళ్లను చేత్తో మోకాలి వైపు వెనక్కి లాగి పది లెక్కపెట్టడం, అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. సరిగ్గా లాగితే అరికాలి కింద ఆ పట్టీ తీగలా బిగిసి చేతికి తగులుతుంది. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం కూడా. సాయంత్రం ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌ని అరికాలి కింద పది నిమిషాలు దొర్లించేదాన్ని. ఇంట్లో వేసుకోవడానికి మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు. వంటింట్లో చెప్పులేమిటని అత్తయ్య నాలుగు రోజులు మాట్లాడలేదు, గడప దాటని జత ఒకటి విడిగా పెట్టాక ఊరుకున్నారు.

ఆరు వారాల దాకా తేడా ఏమీ తెలియలేదు, చాలామంది మానేసేది అక్కడే. మా స్టాఫ్‌రూంలో ఒకావిడ నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కి వెళ్లారు. ఆ స్టెరాయిడ్ ఉపశమనం ఇస్తుంది గానీ ఎక్కువకాలం నిలవదు, మడమ కింది కొవ్వు మెత్త పలచబడొచ్చు, అరుదుగా పట్టీ తెగే ప్రమాదమూ ఉంది. అది మొదటి మెట్టు కాదని నా అభిప్రాయం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలలతరబడి మింగే నొప్పి బిళ్లలు ఇంకా ఘోరం, కడుపూ కిడ్నీలూ రెండూ దెబ్బతినొచ్చు.

ఒక మాట, మడమ నొప్పులన్నీ ఇదే కాదు. తిమ్మిరి, మంట ఉన్నా, వాచి జ్వరం వచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఇంట్లో కూర్చోవద్దు. కుర్రవాళ్లకి రెండు మడమలూ నొప్పి, పొద్దున్నే నడుం కూడా పట్టేయడం ఉంటే కీళ్లవాతం డాక్టరుకి చూపించాలి.

నాకిప్పుడు చాలావరకు తగ్గింది. ఏ పెళ్లిలోనో రోజంతా నిలబడితే మర్నాడు పొద్దున మళ్లీ కాస్త చురుక్కుమంటుంది. ఆ రోజు కాఫీ ఆలస్యమైనా సరే, మంచం మీదే కూర్చుని పది లెక్కపెట్టుకుంటాను.