గుండె కోసం నేను మింగినవి, మానేసినవి: పద్నాలుగు నెలల నా అనుభవం

మా నాన్న 54 ఏళ్లకే హార్ట్ ఎటాక్‌తో పోయారు. అందుకే నాకు 49 నిండగానే భయం పట్టుకుంది, మల్కాజిగిరిలో మా ఇంటి దగ్గర ల్యాబ్‌లో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల టెస్ట్) చేయించుకుంటే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ 168, ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో రకం కొవ్వు 226 వచ్చాయి, బీపీ చూస్తే 148/94. నేను లావుగా కూడా ఉండను, అందుకే నమ్మలేదు, ఇంకో ల్యాబ్‌లో కూడా చేయించా, దాదాపు అవే నెంబర్లు. డాక్టర్ గారు చెప్పిందేంటంటే పీరియడ్స్ ఆగిపోయే వయసులో ఆడవాళ్లకి ఎల్‌డీఎల్ పెరుగుతుందంట, అప్పటిదాకా నార్మల్‌గా ఉన్నా సరే. నాకు ఈ సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, మా అక్కకీ తెలీదు, మా ఆఫీసులో నా వయసు ఆడవాళ్లలో ఒక్కరికీ తెలీదు.

బీపీకి టెల్మిసార్టాన్ 40 రాసి, కొలెస్ట్రాల్‌కి మాత్రం మూడు నెలలు తిండి మార్చి చూద్దాం, తగ్గకపోతే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెడదాం అన్నారు. మూడు నెలల తర్వాత రమ్మన్నారు, ఈలోపు నెలకి ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), పొటాషియం టెస్ట్ చేయించుకోమన్నారు. ఈ రెండో మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు. స్టాటిన్ అనగానే నా బుర్ర అక్కడే ఆగిపోయింది, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అంటారు కదా, అందుకే ఎలాగైనా దాని దాకా పోకుండా నేచురల్‌గానే తగ్గించుకోవాలని మొండిగా అనుకున్నా.

ఇక ఇంట్లో, బంధువుల్లో తలా ఒకటి చెప్పారు, ఎవరినీ తప్పు పట్టను, అందరూ ప్రేమతోనే చెప్పారు. అత్తయ్య తెల్లమద్ది చెక్క కషాయం పొద్దున్నే పరగడుపున ఇచ్చేది, బేగంబజార్‌లో మూలికలు అమ్మే కొట్టు నుంచి తెప్పించింది. అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు రెడ్ ఈస్ట్ రైస్ (పులియబెట్టిన బియ్యంతో చేసే మాత్రలు), ఫిష్ ఆయిల్ పంపాడు. ఆఫీసులో ఒకావిడ గుగ్గులు (ఆయుర్వేదంలో వాడే చెట్టు జిగురు) మాత్రలు తెచ్చిచ్చింది. నేనే సొంతంగా వెల్లుల్లి క్యాప్సూల్స్ కొన్నా. మా ఆయన బీపీకి మంచిదని సూపర్ మార్కెట్ నుంచి లో సోడియం ఉప్పు తెచ్చాడు, ఇంట్లో మామూలు ఉప్పు తీసేసి అదే వాడాం, పైగా సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బండి దగ్గర ఒక కొబ్బరిబొండం తాగడం కూడా అలవాటు చేసుకున్నా, చల్లగా ఉంటుంది, గుండెకి మంచిది అని.

నెల దాటాక తొడలు, పిక్కలు పట్టేసినట్టు ఉండేవి, మెట్లు ఎక్కుతుంటే తెలిసేది. వాకింగ్ ఎక్కువైందేమో అనుకున్నా. ఆ వారమే డాక్టర్ గారు రాసిన టెస్ట్‌కి వెళ్తే రిపోర్ట్‌లో పొటాషియం 5.7 అని ఎర్రగా ఉంది, నార్మల్ 5.1 లోపు. ల్యాబ్ వాళ్లే ఫోన్ చేసి వెంటనే డాక్టర్‌ని కలవమన్నారు.

ఆ రోజు నేను చేసిన మంచి పని ఒక్కటే, ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు, ఉప్పు ప్యాకెట్‌తో సహా ఓ గుడ్డ సంచిలో వేసుకుని వెళ్లా. ముందు ఈసీజీ తీశారు, బాగానే ఉంది, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నా. తర్వాత డాక్టర్ గారు ఒక్కోటి బయటికి తీసి వెనక రాసింది చదివారు. ముందు ఉప్పు ప్యాకెట్. "అమ్మా, సోడియం తగ్గించి దాని బదులు ఇందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మీరు వేసుకునే టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియాన్ని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. దానికి తోడు రోజూ కొబ్బరినీళ్లు." ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో ఒక అరటిపండు కంటే ఎక్కువ పొటాషియం ఉంటుందంట, కిడ్నీలు బాగున్నవాళ్లకి, ఈ రకం మాత్రలు వేసుకోనివాళ్లకి ఏమీ కాదు, కానీ పొటాషియం బాగా పెరిగితే గుండె కొట్టుకునే లయే దెబ్బ తింటుంది. గుండె బాగుండాలని నేను చేసిన పని గుండెకే ముప్పు తెచ్చేదని తెలిసి అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉప్పు, బొండాలు ఆపించారు, వారం తర్వాత 4.6కి వచ్చింది.

తర్వాత రెడ్ ఈస్ట్ రైస్. అందులో మొనకోలిన్ కె అని ఒకటుంటుంది, అది లోవాస్టాటిన్ మందుతో అచ్చంగా ఒకటే పదార్థం. అంటే నేను వద్దనుకున్న స్టాటిన్‌నే ఎంత డోసో తెలియకుండా రోజూ వేసుకుంటున్నాను, ఎందుకంటే ఒక్కో కంపెనీ సీసాలో అది ఒక్కో మోతాదులో ఉంటుంది. నా తొడల నొప్పులు దానివల్లే అని గట్టిగా చెప్పలేం అన్నారు గానీ మానేశాక రెండు వారాల్లో తగ్గాయి. గుగ్గులు గురించి అయితే 2003లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో వాడినవాళ్లకి ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొంచెం పెరిగిందని చెప్పారు. ఫిష్ ఆయిల్ సీసా మీద ముందు 1000 ఎంజీ అని పెద్దగా ఉంటుంది, తిప్పి చూస్తే ఒమేగా త్రీ కొవ్వులైన ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120, అంటే పనికొచ్చేది 300 మాత్రమే. ట్రైగ్లిజరైడ్స్‌కి డాక్టర్లు ఇచ్చే మోతాదు రోజుకి 2 నుంచి 4 గ్రాములు, అంత సొంతంగా వేసుకోకూడదు, ఎక్కువ డోసులో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు పెరుగుతుంది. వెల్లుల్లి కూరలో తినండి, క్యాప్సూల్స్ మాత్రం రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ ఉన్నవాళ్లు చెప్పకుండా వేసుకోకూడదు అన్నారు. తెల్లమద్దిని ఆయన కొట్టిపారేయలేదు, మన దేశంలో దాని మీద చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, కానీ బీపీని ఇంకా తగ్గించొచ్చు కాబట్టి మాత్రతో పాటు తాగితే బీపీ రాసుకుంటూ తాగాలి, నాకు చెప్పి తాగండి అన్నారు. నేను ఆపేశా.

ఇక తిండి. అసలు మార్పు ఇక్కడే వచ్చింది, దీనికి డబ్బు కూడా పెద్దగా అవ్వలేదు. మా ఆఫీసు తార్నాకలో, రోజూ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) గేటు ముందు నుంచే వెళ్తా, 2024లో వాళ్లు భారతీయుల కోసం 17 ఆహార సూచనలు విడుదల చేశారు, అవి చదివి మా వంటింటికి పట్టేవి ఏరుకున్నా. మొదటిది ఉప్పు. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్, అన్నీ కలిపి. మేం నలుగురం, అందుకని పొద్దున్నే నాలుగు చెంచాల మామూలు ఉప్పు చిన్న గిన్నెలో తీసిపెట్టేదాన్ని, రాత్రి దాకా వంటంతా అందులోంచే. మొదటి వారం మధ్యాహ్నానికే అయిపోయేది! ఆవకాయ, అప్పడాలు కూడా లెక్కలోకే కాబట్టి ఆవకాయ ఆదివారం ఒక్కరోజుకి వచ్చింది, మా అబ్బాయి రెండు వారాలు మొహం ముడుచుకున్నాడు. చప్పదనం పోవడానికి చింతపండు, నిమ్మకాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర ఎక్కువ వేయడం మొదలుపెట్టా, గోంగూర పప్పుకి అయితే ఉప్పు తగ్గినట్టే తెలీలేదు.

నూనె నెలకి ఐదు లీటర్లు అయ్యేది, కూరకి కళ్లతో పోయడం మాని చెంచాతో కొలవడం మొదలుపెడితే మూడుకి వచ్చింది. సాయంత్రం ఆఫీసు కింద చాయ్‌తో పాటు తినే పఫ్‌లు మానేశా, ఆ పొరలు వచ్చేది వనస్పతి వల్లే. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదని ప్రభుత్వం 2022 నుంచి రూల్ పెట్టింది గానీ శాచురేటెడ్ కొవ్వు అలాగే ఉంటుంది కదా. వాటి బదులు గుప్పెడు వేయించిన శనగలు, పల్లీలు డబ్బాలో పట్టుకెళ్తున్నా.

అవిసె గింజల కారప్పొడి మా అమ్మమ్మ చేసేది, మధ్యలో ఇంట్లో మర్చిపోయాం. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి దంచుకోవాలి. పొడి చేయడం ముఖ్యం, గింజలు అలాగే మింగితే అరక్కుండా బయటికి పోతాయి. రోజూ రెండు చెంచాలు, అన్నం మొదటి ముద్దలో. పొద్దున పూట ఇడ్లీ, దోశ బదులు వారంలో ఐదు రోజులు ఓట్స్ లేదా బార్లీ, వీటిలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకి 3 గ్రాములు పడితే ఎల్‌డీఎల్ తగ్గుతుంది, దానికి ఓట్స్ దాదాపు 75 గ్రాములు కావాలి, పాలల్లో చక్కెరతో నాకు ఎక్కలేదు, ఉల్లిపాయ, క్యారెట్, కరివేపాకు వేసి ఉప్మాలా చేస్తే సరిపోయింది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తాం, ఇదివరకు కొరమీనే తెచ్చేవాళ్లం, ఇప్పుడు కానాగంతలు, వాటిలో ఒమేగా త్రీ ఎక్కువ, ధర కొరమీను కంటే చాలా తక్కువ. వేపుడు కాదు, పులుసే.

మూడు నెలలకి ఎల్‌డీఎల్ 134, ట్రైగ్లిజరైడ్స్ 151. రెడ్ ఈస్ట్ రైస్ మానేసి అప్పటికే ఏడు వారాలు, కాబట్టి ఇది తిండి వల్ల వచ్చిందే. ఎగిరి గంతేశా, ఇక మందు అక్కర్లేదనుకున్నా. కానీ డాక్టర్ గారు నాన్న సంగతి గుర్తు చేశారు, మీ ఇంటి చరిత్రకి 134 చాలదు, 100 లోపు ఉండాలి అన్నారు. తిండి చేయగలిగింది చేసింది, మిగతాది తిండితో రాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఓడిపోయినట్టు అనిపించింది, పొద్దున లేచి నాన్న ఫోటో ముందు కాసేపు కూర్చుని అటోర్వాస్టాటిన్ 10 మొదలుపెట్టా. ఇప్పుడు ఎల్‌డీఎల్ 81, కాళ్ల నొప్పులు లేవు, బీపీ 126/80 దగ్గర నిలబడింది. గిన్నెలో ఉప్పు, కారప్పొడి, ఓట్స్ ఉప్మా అన్నీ అలాగే నడుస్తున్నాయి, వీటివల్లే 10 తో సరిపోయింది, లేకపోతే ఇంకా పెద్ద డోసు పడేదన్నారు.

వచ్చే మంగళవారం అత్తయ్యకి బీపీ చెకప్. ఆవిడ ఇంకా కషాయం తాగుతూనే ఉంది, మోకాళ్లకి ఏవో మాత్రలు కూడా వేసుకుంటోంది, ఎవరిచ్చారో అడిగితే చెప్పట్లేదు. అన్నీ ఒక సంచిలో వేసి గుమ్మం పక్కన పెట్టాను, తెల్లమద్ది డబ్బా పైనే ఉంది. "డాక్టర్ తిడతాడేమోనే" అంటోంది. "తిట్టడు అత్తయ్యా, నేనూ వస్తాను పదండి" అన్నా.