యోగ్యతాపత్రం వద్దన్న సమురాయ్

జపాన్‌లో సామంత ప్రభువులు ఒకరితో ఒకరు తలపడుతున్న 16వ శతాబ్దంలో, యుద్ధంలో పరాక్రమం చూపిన సమురాయ్‌కి అతని ఏలిక ఒక పత్రం రాసి ఇచ్చేవాడు. దానిని కన్‌జో అనేవారు. కొలువు పోయినవాడు, లేదా ఏలిక వంశమే అంతరించినవాడు మరో ప్రభువు వద్దకు వెళ్లి తన శౌర్యాన్ని నిరూపించుకోవడానికి ఆ కాగితమే ఆధారం కనుక, దానిని తరతరాలుగా భద్రపరచుకునేవారు. తొరీయ్ మొతొతద మాత్రం తన ఏలిక, తరువాత జపాన్‌నే ఏలిన తొకుగవ ఇయెయసు ఇవ్వబోయిన కన్‌జోను వద్దన్నాడని, ఇంకొకరిని కొలిచే ఉద్దేశమే లేనివాడికి అది ఎందుకని అడిగాడని చెబుతారు. ఆయన జీవితం గురించి చదివిన కొద్దీ నాకు అది వినయంగా కాక, ఒకింత పొగరుగానే కనిపిస్తోంది.

మొతొతద 1539లో మికవ ప్రాంతంలో పుట్టాడు. అప్పటికే తొరీయ్ వంశం ఇయెయసు పూర్వీకుల కొలువులో ఉంది. బాలుడైన ఇయెయసును ఇమగవ వంశం తన రాజధాని సున్‌పులో బందీగా ఉంచుకున్నప్పుడు, అతనికంటే మూడేళ్లు పెద్దవాడైన మొతొతద తోడుగా వెళ్లాడు. ఒకసారి ఇయెయసు ఒక చిన్న పిట్టను డేగలా మచ్చిక చేయమని మొతొతదకు చెప్పి, ఆ పని సరిగా రాలేదన్న కోపంతో అతనిని అరుగు మీద నుంచి కింద పడేలా తన్నాడని ఒక కథ ఉంది. అది విని మొతొతద తండ్రి తదయొషి నొచ్చుకోకపోగా, పిల్లవాడికి ఏలికకు తగిన తెగువ ఉందని మురిసిపోయాడట. ఈ తండ్రి సామాన్యుడు కాడు. ఇయెయసు వంశానికి చెందిన ఒకజకి కోట ఇమగవ అధికారుల చేతిలో ఉన్న కాలంలోనే, ఏలిక తిరిగి వచ్చే రోజు కోసం వారి కంట పడకుండా ధాన్యం, డబ్బు కూడబెట్టి, ఇయెయసు ఆ ఊరికి వచ్చినప్పుడు చెయ్యిపట్టి తీసుకెళ్లి చూపించాడు.

తరువాతి పాతికేళ్లూ మొతొతదకు యుద్ధాలే. 1575లో సువహర కోట ముట్టడిలో కాలికి తూటా తగిలి, జీవితాంతం కుంటుతూనే నడిచాడు. 1582లో కురొకొమ వద్ద తనకంటే పెద్దదైన హోజో సేనను ఓడించి, కయ్ ప్రాంతంలో భూమి సంపాదించాడు. 1585లో ఉయెద వద్ద సనద వంశం చేతిలో దెబ్బతిన్న తొకుగవ సేనలోనూ ఆయన ఉన్నాడు. 1590లో ఇయెయసు తూర్పు ప్రాంతాలకు మారినప్పుడు ఆయనకు యహగి కోట, 40,000 కొకుల ఆదాయం దక్కాయి. ఒక కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం, సుమారు 150 కిలోలు.

మధ్యలో ఒక చిలిపి సంగతి. ఇయెయసుకు శత్రువైన తకెద వంశం నశించాక, ఆ పక్షపు సేనాని బబ కూతురిని వెతికి తెమ్మని ఇయెయసు పురమాయిస్తే, ఎక్కడా దొరకలేదని మొతొతద విన్నవించాడట. ఆమె అప్పటికే అతని ఇంట్లో భార్యగా ఉంది! విషయం తెలిసి ఇయెయసు నవ్వి ఊరుకున్నాడని కథ. నమ్మిన బంటు అంటే చెప్పినదల్లా చేసేవాడనుకునే నాకు ఇది బాగా నచ్చింది.

1600లో తూర్పున ఉయెసుగి వంశం మీదికి దండు కదుపుతూ, ఇయెయసు క్యోతో దగ్గరి ఫుషిమి కోటను మొతొతదకు అప్పగించాడు. తాను వెళ్లగానే తన ప్రత్యర్థి ఇషిద మిత్సునరి పక్షం ఆ కోట మీద పడుతుందని ఇద్దరికీ తెలుసు. తక్కువ మందిని వదిలి వెళ్తున్నందుకు ఏలిక బాధపడితే, ఇక్కడ ఎందరున్నా కోట నిలవదు కాబట్టి మనుషులను వెంట తీసుకుపొమ్మని మొతొతద అన్నాడట. వీడ్కోలు రాత్రి ఇద్దరూ సున్‌పు రోజులను తలచుకున్నారని చెబుతారు. కోటలో మిగిలినవారు సుమారు 1,800 మంది. చుట్టుముట్టినవారు దాదాపు 40,000. ఆ కొద్దిమందితోనే పది రోజులకు పైగా నిలబడ్డారు. చివరకు కోటలో ఉన్న కోగ ప్రాంతపు మనుషులలో కొందరు, తమ భార్యాబిడ్డలను శిలువ వేస్తామన్న శత్రువుల బెదిరింపుకు లొంగి నిప్పు పెట్టడంతో, సెప్టెంబరు 8న కోట పడిపోయింది. ఆ రోజే మొతొతద మరణించాడు. ఆరు వారాల తరువాత సెకిగహరలో జరిగిన నిర్ణయాత్మక యుద్ధంలో మిత్సునరి పక్షం మీద ఇయెయసు గెలిచాడు.

ఆయన కుమారుడు తదమసకు ఇవకితైరలో 100,000 కొకుల సంస్థానం లభించింది. 1636లో ఆ ఇంటి ప్రభువు వారసుడు లేకుండా చనిపోయినప్పుడు, నియమం ప్రకారం వంశం ఆస్తి మొత్తం పోవలసింది. అయినా మొతొతద చేసిన సేవను గుర్తుంచుకున్న తొకుగవ ప్రభుత్వం, తకతోలో 30,000 కొకులకు పైగా ఇచ్చి ఆ ఇంటిని నిలబెట్టింది. అందుకు తొరీయ్ వారు ఏ కన్‌జోనూ చూపవలసిన అవసరం రాలేదు.